రాణి అన్నారు, రాయల్టీ ఇవ్వలేదు

“నౌటంకీ బంద్ కర్!”

హైదరాబాదులో పెరిగిన ఆడవాళ్ళకి ఈ మాట కొత్తకాదు. ఏడిస్తే నౌటంకీ. ఎదురు మాట్లాడితే నౌటంకీ. మొగుడు తాగొచ్చి కొట్టాడని పోలీసు స్టేషను మెట్లెక్కితే అక్కడ కుర్చీలో కూర్చున్నవాడి నోటా అదే మాట. తెలుగులో తిట్టేవాళ్ళకి ‘నాటకాలాడుతోంది’, ‘వేషాలేస్తోంది’ అన్న మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఏ భాషలో తిట్టినా భావం ఒక్కటే. ఆడదాని బాధ నిజం కాదు, నటన. ఇక నటించడమే పనిగా పెట్టుకున్న ఆడదైతే ఎలాగూ మర్యాదస్తురాలు కాదు.

ఇంతకీ నౌటంకీ అంటే ఏమిటి? ఉత్తరప్రదేశ్‌లో హాథ్రస్, కాన్పూర్ కేంద్రాలుగా ఎదిగిన సంగీత నాటకం. మన పద్యనాటకంలో లాగే అందులోనూ మాట కంటే పాటదే పెత్తనం. దోహా, చౌబోలా, బహర్-ఎ-తవీల్ వంటి ఛందస్సుల్లో పాత్రలు పాడుతూ వాదించుకుంటాయి, ప్రేమించుకుంటాయి, యుద్ధానికి దిగుతాయి. పాట ఆగిన చోటల్లా నగారా అందుకుంటుంది. వీధిభాగోతంలా రాత్రి మొదలుపెడితే తెల్లవారేదాకా సాగుతుంది. ఒక రాకుమార్తె ప్రేమకథ బాగా ఆడబట్టి ఈ కళకి ఆమె పేరే స్థిరపడిందని చెబుతారు. ఆ రాకుమార్తె పేరు నౌటంకీ. అంటే ఒక స్త్రీ పేరు కళకి పేరయింది, ఆ కళ పేరు తిరిగి స్త్రీలకే తిట్టయింది!

ఆ తిట్టులో బతికిన మనిషి గులాబ్ బాయి. నౌటంకీ వేదిక మీద పేరు తెచ్చుకున్న మొదటి స్త్రీగా ఆమెని చెప్పుకుంటారు. సొంత కంపెనీ పెట్టి, ఏళ్ళ తరబడి నడిపింది. 1926లో పుట్టి 1996లో పోయింది. ‘నౌటంకీ రాణి’ అని ఆమెకి బిరుదు. 1990లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఇది ఆమెకి నివాళి కాదు. నివాళులకి ఆమెకి కొదవ లేదు. ఆమె తరఫున, ఆమెలాంటి వేలమంది తరఫున, ఆమె గొంతుని వాడుకున్న అందరి మీదా ఇది ఒక ఫిర్యాదు. ఆ అందరిలో మనమూ ఉన్నాం.

చీర ఎవరు కట్టుకుంటే కళ?

మొదట ఒక లెక్క చూద్దాం. మన తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రలు ధరించి ప్రఖ్యాతి పొందిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. మరాఠీ సంగీత నాటకంలో స్త్రీ పాత్రలకి ప్రసిద్ధుడైన బాల గంధర్వకి 1964లో పద్మభూషణ్ వచ్చింది. వారి ప్రతిభని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ మగవాడు స్త్రీగా నటిస్తే ఈ దేశం 1956 నాటికే జాతీయ గౌరవం ఇవ్వగలిగింది. నౌటంకీలో స్త్రీ స్త్రీగా నటించినందుకు 1990 దాకా ఆగమంది. అప్పటికి గులాబ్ బాయి వయసు అరవై నాలుగు.

ఈ ఆలస్యం యాదృచ్ఛికం కాదు. మగవాడు చీర కట్టుకుంటే అది కౌశలం. తెర వెనక చీర విప్పేస్తాడు, ఇంటికి వెళ్తాడు, పెద్దమనిషిగానే ఉంటాడు. ఆడది అదే చీర కట్టుకుని అదే పాట పాడితే అది కౌశలం కింద లెక్కకి రాదు, ఆమె ‘స్వభావం’ కింద జమ అవుతుంది. వేషం తీశాక కూడా ఆమె వేషంలోనే ఉన్నట్టు లెక్క. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో నౌటంకీ కంపెనీలు గొంతు మారని కుర్రాళ్ళ చేత ఆడవేషాలు వేయించాయి. మన దగ్గరా చాలా నాటక సమాజాలు అదే దారి పట్టాయి. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి కుటుంబాలు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ళనే వేదిక ఎక్కించాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ సురభి నుంచి వచ్చిందే. అయితే సురభి స్త్రీకి వెనక ఒక కుటుంబం ఉంది, భర్తో అన్నో పక్కనే వేదిక మీద ఉన్నాడు. గులాబ్ బాయికి ఆ రక్షణ లేదు. నిజానికి ఆమే తన కుటుంబానికి రక్షణ.

ఒక్కరి సంపాదన, అందరి తిండి

ఆమె పుట్టింది ఇప్పటి కన్నౌజ్ జిల్లాలో ఉన్న బల్పుర్వా అనే పల్లెలో, బేడియా కులంలో. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం నీడ పడిన కులాల్లో అదొకటి. ఆ చట్టం 1952లో రద్దయినా నీడ తొలగలేదు. ఆ కులంలో ఆటపాటలతో సంపాదించే ఆడపిల్లకి పెళ్ళి ఉండదన్నది ఆచారం. కానీ ఆమె అన్నదమ్ములకి పెళ్ళిళ్ళు అవుతాయి. ఇంటికొచ్చిన కోడళ్ళు గడప దాటరు, వాళ్ళు ‘ఇంటి ఆడవాళ్ళు’. ఆడపడుచు సంపాదనతోనే వదినకి మర్యాద, మేనల్లుళ్ళకి చదువు, తమ్ముడికి ఓలి.

ఈ ఏర్పాటు ఆ ఒక్క కులం వింత అని అనుకుంటే పొరపాటు. కుటుంబం ఒక స్త్రీ శ్రమ మీద నిలబడి, ఆ శ్రమ పేరు చెప్పడానికి మాత్రం సిగ్గుపడడం మనకి తెలియనిదా? కళావంతుల ఇళ్ళ కథ ఇదే. తెలంగాణ పల్లెల్లో జోగినిగా మార్చిన దళిత ఆడపిల్ల కథ ఇంతకంటే ఘోరం. 1988లో చట్టం తెచ్చి జోగిని దురాచారాన్ని నిషేధించాం. మంచిదే. కానీ ఆచారాన్ని నిషేధించినంత సులువుగా ఆ స్త్రీకి భూమి, పని, పేరు ఇవ్వలేకపోయాం. నిషేధం ఒక్క జీవోతో అయిపోతుంది. హక్కుకి బడ్జెట్ కావాలి.

1930లలో, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే, గులాబ్ కాన్పూర్‌లో త్రిమోహన్ లాల్ నౌటంకీ కంపెనీలో చేరింది. పాట నేర్చింది. లైలా మజ్నూలో లైలా, షీరీన్ ఫర్హాద్‌లో షీరీన్, హరిశ్చంద్రలో తారామతి. మనం చంద్రమతి అంటాం, అక్కడ తారామతి. మైకులు అందరికీ అందని ఆ రోజుల్లో, మేళాల్లో వేలమంది జనం మధ్య, నగారాని దాటి ఆఖరి వరస దాకా గొంతు వినిపించాలి. రాత్రంతా వినిపించాలి. మర్నాడు ఇంకో ఊళ్ళో మళ్ళీ వినిపించాలి. దీన్ని ‘సహజ ప్రతిభ’ అని తేల్చేస్తారు. కాదు, ఇది శ్రమ. గనిలో పలుగు దింపేవాడి శ్రమ ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

హరిశ్చంద్ర నాటకంలో సత్యం కోసం మొగుడు పెళ్ళాన్ని కాశీ బజారులో అమ్ముతాడు. ఆ ఘట్టం వచ్చేసరికి జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆలోచించండి. సంతలో అమ్ముడుపోతున్న స్త్రీ వేషంలో ఉన్న గులాబ్ బాయిని చూసి ఏడ్చిన మగవాడే, తెల్లారాక ఆమెని డబ్బిస్తే దొరికే ఆడది అన్నాడు. అతనికి పతివ్రత తారామతి కావాలి, ఆ పాత్ర పోషించిన మనిషి అక్కర్లేదు.

‘తొలి నటి’ సరే, దర్శకురాలు ఎక్కడ?

1940లలోనే ఆమె జీతం నెలకి రెండు వేలు దాటిందని చెబుతారు. అయినా జీతం జీతమే, కంపెనీ యజమానిదే. కథ ఏదో, వేషం ఎవరికో, ఏ మేళాకి వెళ్ళాలో, ఎప్పుడు సెలవో నిర్ణయించేది అతనే. 1950ల నడుమ ఆమె బయటికొచ్చింది. కాన్పూర్ కేంద్రంగా ‘ది గ్రేట్ గులాబ్ థియేటర్ కంపెనీ’ పెట్టింది. తన పేరు తనే బోర్డు మీద రాయించుకుంది.

ఈ నిర్ణయం ఎంత పెద్దదో గ్రహించాలంటే కంపెనీ నడపడం అంటే ఏమిటో గుర్తుచేసుకోవాలి. డేరాలు, తెరలు, దుస్తులు, దీపాలు, వాటిని మోసే బళ్ళు. నగారా వాయించేవాళ్ళకీ, హార్మోనియం వాళ్ళకీ, వంటవాళ్ళకీ, కూలీలకీ జీతాలు. మేళా కాంట్రాక్టర్లతో బేరాలు. పోలీసులకీ పెద్దమనుషులకీ సమాధానాలు. వానాకాలంలో ఆటలు లేని నెలల్లో కూడా అందరి కడుపులూ నింపడం. ఇదంతా ఒక ఎత్తు. ఏ కథ ఎత్తుకోవాలి, ఎంత కత్తిరించాలి, ఏ పాట ఎక్కడ పెట్టాలి, ఏ అమ్మాయికి ఏ వేషం ఇవ్వాలి, ఆ అమ్మాయికి పాటా నడకా ఎలా నేర్పాలి అన్నది ఇంకో ఎత్తు. తన చెల్లెళ్ళనీ, కూతుళ్ళనీ ఆమె కళాకారిణులుగా తీర్చింది. ఆధునిక నాటకరంగంలో ఈ రెండో ఎత్తు పనికి ‘దర్శకత్వం’ అని పేరు. పట్నంలో ఆడిటోరియంలో ఒక మగవాడు చేస్తే కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఆ మాట పడుతుంది.

గులాబ్ బాయి గురించి రాసినవాళ్ళు మాత్రం ‘తొలి నటి’ అంటారు, ‘కోకిల’ అంటారు, ‘రాణి’ అంటారు. ‘దర్శకురాలు’ అనరు, ‘యజమాని’ అనరు. దీప్తి ప్రియా మెహ్రోత్రా వంటి స్త్రీ పరిశోధకురాలు శ్రద్ధపెట్టి ఆమె జీవితకథ రాసేదాకా, అదీ ఆమె చనిపోయిన పదేళ్ళకి, 2006లో, ఆ పని పనిగా లోకానికి కనబడలేదు. రాణి అనడం తేలిక. రాణికి జీతం అడగడం రాదు, కిరీటం చాలు. దర్శకురాలు అంటే చిక్కు. దర్శకురాలికి నిర్ణయాధికారం ఉంటుంది, మేధస్సు ఉంటుంది, తను చేసినదాని మీద హక్కు ఉంటుంది. బిరుదు ఇచ్చి హక్కు ఎగ్గొట్టడం పితృస్వామ్యానికి అలవాటైన విద్య. ఇంటి పనిచేసే స్త్రీని ‘గృహలక్ష్మి’ అనడంలో ఉన్న మోసమే ‘నౌటంకీ రాణి’లోనూ ఉంది.

పాట ఎవరిది?

1963లో ‘ముఝే జీనే దో’ అనే హిందీ సినిమా వచ్చింది. శ్యాముణ్ణి నది ఒడ్డుకి వెళ్ళొద్దని బతిమాలే ఒక దాద్రా అందులో ఉంది. అది అప్పటికే గులాబ్ బాయి గొంతులో ఉత్తరప్రదేశ్ మేళాల్లో జనం నోట నానిన పాట. సినిమాలో ఆశా భోంస్లే పాడింది. గీతరచయిత సాహిర్, సంగీతం జయదేవ్. తెరమీద ఆడిపాడే స్త్రీగా వహీదా రెహమాన్. మన ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి ఆడిన వహీదాయే. పాట దేశమంతా మోగింది. అందరికీ పేరొచ్చింది. గులాబ్ బాయి పేరు మాత్రం ఎక్కడా లేదు, ఆమెకి పైసా అందలేదు.

వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. “అది జానపదమండీ. జానపదం ఎవరి సొత్తూ కాదు. గులాబ్ బాయి మాత్రం రాసిందా?” ఈ వాదనని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. నిజమే, ఆ మాటలు ఆమెవి కాకపోవచ్చు. ముందు తరాల గొంతులు అందులో ఉన్నాయి. అయితే అదే న్యాయం అందరికీ వర్తించాలి కదా? బేడియా స్త్రీ పాడినంత కాలం అందరి సొత్తయిన పాట, రికార్డు మీదకి ఎక్కగానే రచయితకీ, సంగీత దర్శకుడికీ, కంపెనీకీ సొంతం ఎలా అయింది? మట్టి ఊరుమ్మడిది, కుండ మాత్రం పట్నం వాడిదా? ఒక కవినో ఒక సంగీత దర్శకుణ్ణో దొంగ అనడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో అది ఆనవాయితీ. ఆనవాయితీని కాపు కాసింది చట్టం.

ఆ చట్టం సంగతీ చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో రాసినవాడికి హక్కుంది, బాణీ కట్టినవాడికి ఉంది, రికార్డు చేసిన కంపెనీకి ఉంది, సినిమా నిర్మాతకి ఉంది. పాడిన మనిషికి, ఆడిన మనిషికి ఏమీ లేదు. 1977లో ఒక సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ లోటుని ప్రత్యేకంగా ఎత్తిచూపారు. చట్టం కదలడానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది. 1994 సవరణతో ‘ప్రదర్శకుల హక్కు’ అనేది పుట్టి 1995 మే నెలలో అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది గులాబ్ బాయి చనిపోయింది. అప్పటికే పాడేసిన పాటలకి ఆ సవరణ వల్ల ఒరిగిందేమీ లేదు.

ఆ సవరణలో ప్రదర్శకులు ఎవరో చెప్పే జాబితా ఒకటి ఉంది. నటులు, గాయకులు, నర్తకులతో బాటు దొమ్మరాటగాళ్ళు, గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. చదవడానికి ఎంత ఉదారంగా ఉందో! కానీ సినిమాలో ఒకసారి ఒప్పుకుని నటిస్తే ఆ హక్కు అక్కడితో సరి. 2012లో మళ్ళీ సవరించి, రాయల్టీలో వాటా, పేరు చెప్పించుకునే నైతిక హక్కు కలిపారు. దాని పక్కనే ఒక మెలికా పెట్టారు. సినిమాలో ప్రాధాన్యం లేని చిన్న ప్రదర్శన అయ్యుండి, ఆనవాయితీగా టైటిల్స్‌లో పేరు వెయ్యని మనిషైతే దాదాపుగా ‘ప్రదర్శకురాలు’ కిందికే రాదు. అంటే పేరు వెయ్యకపోవడమే హక్కు లేకపోవడానికి కారణం! గుంపులో ఆడే అమ్మాయి ఎవరు? పల్లె నుంచి రెండు పాటలకి తెప్పించి మర్నాడు బస్సెక్కించే ముసలమ్మ ఎవరు? ఆనవాయితీ ఎవరి పేరు వెయ్యదో మనకి తెలియదా?

సినిమావాళ్ళు నౌటంకీ స్త్రీ మీద జాలి కూడా పడ్డారు. 1966లో వచ్చిన ‘తీస్రీ కసమ్’లో వహీదాయే నౌటంకీ నటి హీరాబాయి. మంచి సినిమా. చివరికి ఏమవుతుంది? బండివాడు మూడో ఒట్టు పెట్టుకుంటాడు, ఇంకెప్పుడూ కంపెనీ ఆడదాన్ని బండెక్కించుకోనని. ప్రేక్షకులు అతని కోసం కన్నీరు పెట్టుకుంటారు. మళ్ళీ ఏ బండీ దొరకని ఆ స్త్రీ తర్వాతి ఊరికి ఎలా వెళ్ళిందో అడిగినవాళ్ళు లేరు.

గోడ మీద పేరు

సొంత పేరు బోర్డు మీద రాయించుకోవడం అంత గొప్పా అనేవాళ్ళకి కలకత్తా బినోదిని దాసి కథ గుర్తుచెయ్యాలి. 1883లో కలకత్తాలో ఒక కొత్త నాటకశాల కట్టాలి. గుర్ముఖ్ రాయ్ అనే ధనవంతుడు డబ్బు పెడతానన్నాడు, బినోదిని తన ఆశ్రయానికి రావాలన్న షరతు మీద. తోటి నటులూ, గురువూ నచ్చజెప్పారు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. ఒప్పుకుంది. నాటకశాలకి ఆమె పేరు కలిసొచ్చేలా పెడతామని మాటిచ్చారు. తీరా రిజిస్టరు అయ్యేసరికి అది ‘స్టార్ థియేటర్’. వేశ్య పేరు పెడితే మర్యాదస్తులు రారట! తర్వాత గుర్ముఖ్ తప్పుకున్నప్పుడు నాటకశాల చేతులు మారింది. యజమానులైంది మగవాళ్ళు. మూడేళ్ళకే, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆమె రంగస్థలం వదిలేసింది. ఈ ద్రోహం గురించి తన ఆత్మకథలో తనే రాసుకుంది.

2024 డిసెంబరు చివర్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ స్టార్ థియేటర్‌కి బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. నూట నలభై ఒక్క ఏళ్ళ తర్వాత! చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ ఒక సంగతి మరచిపోకూడదు. ఆమె శరీరాన్ని తాకట్టు పెట్టి కట్టించిన బీడన్ స్ట్రీట్ నాటకశాల ఇది కాదు. ఇప్పుడున్న స్టార్ హాథీబగాన్‌లో 1888లో తెరుచుకుంది. అప్పటికి బినోదిని రంగస్థలం మీద లేదు. తను కట్టించిన ఇంటి మీద పేరు పెట్టనివ్వలేదు, తను నటించని ఇంటి మీద పేరు రాశారు. ఆలస్యపు న్యాయం ఇలాగే చిరునామా తప్పుతుంది.

అందుకే గులాబ్ బాయి కంపెనీకి ‘గులాబ్’ అని పేరు పెట్టుకోవడం ఒక రాజకీయ చర్య అంటున్నాను. బినోదిని మాట నమ్మింది. గులాబ్ ఎవరి మాటా నమ్మలేదు, తనే కొంది, తనే నడిపింది, తనే రాయించింది. అయినా కంపెనీ తన చేతిలో ఉంది గాని పాట చేతిలో లేకపోయింది. సినిమా, ఆ తర్వాత వీడియో వచ్చి మేళాల జనాన్ని లాక్కుపోయాయి. ఆమె పాటలే ఆమె డేరాని ఖాళీ చేయించిన పోటీలో భాగమయ్యాయి. దేశం ఆమెకి ఒక పతకం ఇచ్చి చేతులు దులుపుకుంది.

ఇప్పుడు మన సంగతి

ఇంతదాకా సినిమా వాళ్ళనీ, చట్టాన్నీ, ప్రభుత్వాన్నీ అన్నాం. ఇక మనల్ని మనం అడుగుదాం.

2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లని నిషేధించింది. వీధిన పడే స్త్రీలు డెబ్బై అయిదు వేలమందని ఆ రోజుల్లో చెప్పుకున్న లెక్క. వాళ్ళలో చాలామంది తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా ఉన్న కులాల వాళ్ళని అప్పటి మహిళా సంఘాల అధ్యయనాల్లోనే తేలింది. అందులో బేడియాలున్నారు. గులాబ్ బాయి ఊరి మనవరాళ్ళ తరం! కొన్ని మహిళా సంఘాలు వాళ్ళ పక్కన నిలబడ్డాయి, కొన్ని నిషేధాన్ని సమర్థించాయి. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఆ ఎనిమిదేళ్ళలో ఎంతమంది ఏమయ్యారో లెక్క చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

మన దగ్గర 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రతో తమ కులాన్ని అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నా ప్రశ్న వేరు. ఆ నాటకం దశాబ్దాలుగా ఊరూరా ఆడుతున్నంత కాలం, చింతామణి వేషం వేసిన నటి మీదకి వేదిక పైనుంచీ వేదిక కిందనుంచీ వచ్చిన బూతుల గురించి ఏ ప్రభుత్వం కదిలింది? నిషేధించాక ఆ వేషం మీదే బతికిన స్త్రీకి పూట గడిచేదెలా అని ఎవరు అడిగారు? మన సంఘాల నుంచి ఎన్ని ప్రకటనలు వచ్చాయి?

ఇంకా దగ్గరికి వద్దాం. 1990లలో అక్షరాస్యతా ఉద్యమం కళాజాతాల మీద నడిచింది. 1992 సారా వ్యతిరేక పోరాటానికి పాట ఊపిరి. ఆ తర్వాత ఎయిడ్స్ ప్రచారం, పొదుపు సంఘాలు, బాల్యవివాహాలు, ఏ కార్యక్రమమైనా ముందు పాట, తర్వాత ఉపన్యాసం. ఆ పాటలు కట్టిన, నాటికలు నడిపిన దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల స్త్రీల పేర్లు మన నివేదికల్లో ఎక్కడైనా ఉన్నాయా? ‘స్థానిక మహిళా బృందం వారు ప్రదర్శించారు’ అని ఒక వాక్యం. ఉపన్యాసకురాలికి గౌరవ పారితోషికం, పాడినామెకి దారిఖర్చులు. ఆమె పాటని ఫోనులో తీసి సంస్థ ప్రచారానికి పెట్టుకునే ముందు అడుగుతున్నామా? జానపదమండీ, అందరిదీ అని సినిమా వాళ్ళు చెప్పిన మాటే మనమూ చెబుతున్నాం. ఒక కార్యశాలలో ఇలాగే అడిగితే నిర్వాహకురాలు నవ్వి, “వాళ్ళు సంతోషంగా పాడతారమ్మా, డబ్బు అడగరు” అంది. అడగరని ఎవరు చెప్పారు? అడిగితే మళ్ళీ పిలవరని వాళ్ళకి తెలుసు.

మన సంఘాలు చెయ్యగలిగినవి, చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటికి ఏ ప్రభుత్వ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఒకటి, మన వేదిక మీద పాడినా ఆడినా ప్రతి స్త్రీ పేరు కరపత్రంలో, నివేదికలో, వీడియోలో ఉండాలి. నాటిక నడిపినామెని ‘దర్శకురాలు’ అనే రాయాలి. రికార్డు చేసే ముందు చదివి వినిపించి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఉపన్యాసానికి ఎంత ఇస్తామో పాటకి అంతకి తగ్గకూడదు.

రెండు, డేరా పని స్థలమే, ప్రయాణంలో ఉన్న వ్యాను పని స్థలమే. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. జిల్లా స్థానిక కమిటీ ముందుకి ఎంతమంది నాటక కళాకారిణులు, రికార్డింగ్ డాన్సు అమ్మాయిలు వెళ్ళగలిగారో కనుక్కుందాం. వెళ్ళలేకపోతే మనం వెంట వెళ్దాం. మలయాళ సినిమా స్త్రీలకి హేమ కమిటీ నివేదిక 2019లో సిద్ధమైనా 2024 ఆగస్టు దాకా వెలుగు చూడలేదు. సినిమా వాళ్ళకే అంత కాలం పడితే, సంతలో ఆడే అమ్మాయి మాట ఎవరు వింటారు?

మూడు, ఏ ప్రదర్శననైనా అసభ్యమని ఆపమనే ముందు, అందులో ఉన్న స్త్రీలతో కూర్చుని మాట్లాడదాం. వాళ్ళు పాల్గొనని నిషేధం డిమాండ్ మన డిమాండ్ కాకూడదు.

నాలుగు, జీవితకథలు సేకరిద్దాం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల గొంతు మొదటిసారి విన్నాం. పద్యనాటకాల్లో సత్యభామలుగా, చంద్రమతులుగా, చింతామణులుగా రాత్రుళ్ళు గడిపిన స్త్రీలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. చాలామందికి వృద్ధ కళాకారుల పింఛనుకి చూపించడానికి ఒక కాగితం కూడా లేదు. ఎన్నాళ్ళు నటించారో రుజువు లేదంటుంది ఆఫీసు. మనం రాసి ఉంచితే అదే రుజువు.

తెనాలి, రేపల్లె, ఖమ్మం, సూర్యాపేట, ఎక్కడైనా సరే, మీ ఊళ్ళో ఒక్క నటి ఇంటికి వెళ్ళండి. ఏ వేషాలు వేసిందో అడగండి, ఎంత ఇచ్చేవాళ్ళో అడగండి, ఎంత ఎగ్గొట్టారో అడగండి. నాటకం ఎవరు నేర్పారు, ఎవరు నడిపారు అని తప్పకుండా అడగండి. “నేనే” అని ఆమె చెబితే ఆ మాట అలాగే రాసి పంపండి. వచ్చే సంచికలో ఆమె పేరుతోనే వేద్దాం.